కాల్‌ఆర్‌ఎక్స్ ఇన్సులిన్ పెన్నులు: 55 డాలర్ల పెట్టె ఎవరికి లాభం?

కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వం కాల్‌ఆర్‌ఎక్స్ అనే సొంత ముద్రతో అమ్మిస్తున్న గ్లార్జిన్ ఇన్సులిన్ పెన్నులు 2026 జనవరి 1 నుంచి ఫార్మసీలకు అందుబాటులోకి వచ్చాయి. ఐదు పెన్నుల పెట్టెను ఫార్మసీకి 45 డాలర్లకు ఇస్తారు. రోగి దగ్గర 55 డాలర్లకు మించి తీసుకోవద్దని సిఫారసు చేశారు. పెన్ను ఒక్కటికి 11 డాలర్లు పడుతుందన్నమాట. మా మామగారి కోసం ఈ పెట్టెను మేము కొని వాడించాము కనుక, మందు సంగతి, ధర సంగతి, దాన్ని సంపాదించడంలో ఉన్న చిక్కుల సంగతి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఇన్సూరెన్స్ లేనివారికి, డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలయ్యేలోపు మనమే కట్టుకోవలసిన మొత్తం) పెద్దదిగా ఉన్న ప్లాన్‌లలో ఉన్నవారికి, సందర్శకుల వీసా మీద పిల్లల దగ్గరికి వచ్చే మన పెద్దవాళ్లకు ఇది తప్పక పనికొచ్చే సరుకు. మంచి ఇన్సూరెన్స్ ఉండి కోపే (మందు కొన్నప్పుడు రోగి వాటాగా కట్టే మొత్తం) తక్కువగా కట్టేవారికి దీనివల్ల ఒరిగేది స్వల్పం. రోజుకు ఎక్కువ మోతాదులో ఇన్సులిన్ తీసుకునేవారు మాత్రం కింద ఇచ్చిన లెక్క చూసుకుని గానీ కొనకూడదు.

పెట్టెలో ఉన్న మందు పేరు ఇన్సులిన్ గ్లార్జిన్-వైఎఫ్‌జీఎన్. ఇది రోజుకు ఒకసారి తీసుకునే, నెమ్మదిగా రోజంతా పనిచేసే ఇన్సులిన్. లాంటస్ పేరుతో అందరికీ తెలిసిన మందుకు ఇది బయోసిమిలర్, అంటే దాదాపు అదే గుణంతో తయారైన నకలు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందును లాంటస్‌కు మార్చి ఇవ్వదగినదిగా 2021లోనే గుర్తించింది కనుక, డాక్టరు లాంటస్ అని రాసినా ఫార్మసిస్టు దీన్ని ఇవ్వవచ్చు. ఒక్కొక్క పెన్నులో 3 మిల్లీలీటర్ల మందు, మిల్లీలీటరుకు 100 యూనిట్ల చొప్పున మొత్తం 300 యూనిట్లు ఉంటాయి. సూదులు పెట్టెలో ఉండవు, విడిగా కొనుక్కోవాలి. వాడని పెన్నులను ఫ్రిజ్‌లో ఉంచాలి గానీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. వాడకం మొదలుపెట్టిన పెన్నును 28 రోజులు దాటాక, అందులో మందు మిగిలి ఉన్నా, పారేయాలి. ఈ 28 రోజుల నిబంధనను మనవాళ్లు తరచుగా పట్టించుకోరు. పారేయడానికి చేయి రాదు. ధర తక్కువ కావడం వల్ల ఆ సంకోచం కొంత తగ్గుతుందని నా ఆశ.

ఈ మందును తయారుచేసేది కాలిఫోర్నియా కాదు. యూటా రాష్ట్రం కేంద్రంగా పనిచేసే సివికా అనే లాభాపేక్ష లేని సంస్థ దీన్ని మార్కెట్లోకి తెస్తోంది. ఆసుపత్రులను వేధిస్తున్న మందుల కొరతను ఎదుర్కోవడానికి 2018లో పుట్టిన సంస్థ అది. సివికాకు గ్లార్జిన్‌ను సరఫరా చేస్తున్నది బెంగళూరుకు చెందిన బయోకాన్ బయోలాజిక్స్. మన దేశంలో బసలాగ్ పేరుతో దొరికే గ్లార్జిన్‌ను తయారుచేసేదీ వారే. ఈ మాట చెప్పగానే మా మామగారు, "బసలాగ్ వాళ్లేగా బాబూ! అయితే నేను గుంటూరులో పొడుచుకున్నదే ఇక్కడా పొడుచుకుంటున్నాను," అని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. నిజానికి ఆయన చేసుకున్న ఆ తీర్మానం పూర్తిగా శాస్త్రీయం కాదు. ఏ దేశంలో అమ్మే ఉత్పత్తికి ఆ దేశపు అనుమతి, ఆ దేశపు తనిఖీ వేరుగా ఉంటాయి, కాబట్టి ఒక పెన్ను నుంచి మరో పెన్నుకు మారేటప్పుడు డాక్టరుకు చెప్పి, మొదటి కొన్ని రోజులు షుగర్ తరచుగా చూసుకోవడం అవసరం. మేము అలాగే చేశాము. ఉదయం పరగడుపున చూసిన అంకెల్లో చెప్పుకోదగిన తేడా ఏదీ కనిపించలేదు. పెన్ను మీట తిప్పేటప్పుడు వచ్చే టిక్కు టిక్కు శబ్దం స్పష్టంగా ఉంది. కళ్లద్దాలు ఎక్కడో పెట్టి మరిచిపోయే పెద్దవాళ్లకు ఆ శబ్దం ఒక ఆసరాయే, అయినా అంకె చూడకుండా శబ్దాన్ని మాత్రమే నమ్ముకోవద్దని ఆయనకు పదేపదే చెప్పాల్సి వచ్చింది.

ఇక ధర సంగతి. పెట్టె 55 డాలర్లు అనగానే నెలకు 55 అనుకునేవారు చాలామంది ఉన్నారు. అది పొరపాటు. ఐదు పెన్నుల్లో కలిపి 1500 యూనిట్లు ఉంటాయి. ప్రతిసారీ సూది సరిగా పనిచేస్తున్నదో లేదో చూడడానికి 2 యూనిట్లు బయటికి వదలాలి కనుక, రోజుకు 20 యూనిట్లు తీసుకునే మనిషికి రోజుకు 22 ఖర్చవుతాయి. ఆ లెక్కన పెట్టె 68 రోజులు వస్తుంది, నెల ఖర్చు 24 డాలర్ల చిల్లర అవుతుంది. రోజుకు 30 యూనిట్లు తీసుకుంటే నెలకు 35 డాలర్లు, 50 యూనిట్లు తీసుకుంటే 57 డాలర్లు పడుతుంది. సులువుగా గుర్తుపెట్టుకోవాలంటే, వదిలే 2 యూనిట్లతో సహా రోజుకు ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయో ఆ అంకెకు పదో వంతు కలిపితే నెలకు అన్ని డాలర్లు. మరీ తక్కువ మోతాదువారికి ఈ సూత్రం పనిచేయదు. రోజుకు 5 యూనిట్లు మాత్రమే తీసుకునేవారి పెన్నులో 28 రోజులకు కొంత మందు మిగిలిపోతుంది, అయినా ఆ పెన్ను ఖరీదు 11 డాలర్లే కనుక వారికి నెల ఖర్చు దాదాపు అంతే.

ఈ లెక్క ఎందుకు ఇంత సాగదీశానంటే, పోలిక ఇక్కడే తిరగబడుతుంది. లాంటస్ తయారుచేసే సనోఫీ కంపెనీ తన ఇన్సులిన్లను నెలకు 35 డాలర్లకు ఇచ్చే పథకాన్ని మొదట ఇన్సూరెన్స్ లేనివారికి పెట్టి, 2026 జనవరి నుంచి చీటీ ఉన్న ప్రతి ఒక్కరికీ, ఇన్సూరెన్స్ ఉన్నా లేకపోయినా, వర్తింపజేసింది. ఆ పథకంలో నెలకు ఎంత మోతాదు రాసినా ధర మారదు. కాబట్టి రోజుకు 30 యూనిట్ల లోపు తీసుకునేవారికి ప్రభుత్వపు పెట్టె చవక, అంతకు మించితే కంపెనీ పథకమే చవక. అరవై, డెబ్బై యూనిట్లు తీసుకునేవారికి ఈ తేడా ఏడాదికి వందల డాలర్లు అవుతుంది. ప్రభుత్వ ప్రకటనల్లో ఈ సంగతి కనిపించదు. కనిపిస్తుందని ఆశించడం కూడా అత్యాశే. అయితే కంపెనీ పథకానికి ఇంటర్నెట్‌లో నమోదు చేసుకుని కార్డు తీసుకోవాలి, ఆ పథకం కంపెనీ ఇష్టప్రకారం నడుస్తుంది, ఇష్టం లేని రోజున మారుతుంది. కాల్‌ఆర్‌ఎక్స్ పెట్టెకు కార్డు లేదు, కూపన్ లేదు, ఆదాయ ధ్రువపత్రం లేదు, పౌరసత్వం గురించిన ప్రశ్న లేదు. చీటీ చూపించి డబ్బు కట్టడమే. ఈ సాదాతనమే దీని అసలు గుణమని నేను అనుకుంటున్నాను.

మన పెద్దవాళ్ల విషయంలో ఈ గుణం ఎంత విలువైనదో ఇక్కడ ఉండేవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అమ్మానాన్నల కోసం మనం కొనే సందర్శకుల ఇన్సూరెన్స్‌లు ముందునుంచీ ఉన్న జబ్బులకు మామూలు మందుల ఖర్చు ఇవ్వవు, షుగర్ అందులో మొదటిది. అందుకే ఆరు నెలలకు సరిపడా ఇన్సులిన్‌ను ఊరినుంచే మోసుకు రావడం ఆనవాయితీ అయింది. చేతి సంచిలో తెచ్చుకుంటే సరే, తెలియక పెద్ద పెట్టెలో సర్ది విమానంలో వేసేస్తే అక్కడి చలికి మందు గడ్డకట్టి పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ చూడడానికి మామూలుగానే ఉండవచ్చు, గుణం మాత్రం పోయి ఉంటుంది. రోజుకు 20 యూనిట్లు తీసుకునే మనిషికి ఆరు నెలలకు ఇక్కడ మూడు పెట్టెలు చాలు, అంటే 165 డాలర్లు. ఒకప్పుడు ఆ డబ్బుకు లాంటస్ సీసా ఒక్కటి కూడా వచ్చేది కాదు.

ఇంతవరకు బాగానే ఉంది. కొనడానికి వెళితే మాత్రం కొంత ఓపిక కావాలి. మొదటి చిక్కు చీటీ. గుంటూరు డాక్టరుగారు రాసిన చీటీ ఇక్కడి ఫార్మసీలో చెల్లదు. గ్లార్జిన్‌కు అమెరికాలో మందులు రాసే అనుమతి ఉన్నవారు రాసిన ప్రిస్క్రిప్షన్ తప్పనిసరి. ఇన్సూరెన్స్ లేని మనిషికి డాక్టరును చూడడానికి అయ్యే ఖర్చు, చాలా సందర్భాల్లో, పెట్టె ఖరీదును మించిపోతుంది. వీడియో ద్వారా చూసే డాక్టర్లు కొంత నయం. మేము ఆ దారినే వెళ్లాము. ఊరి డాక్టరుగారి పాత చీటీలు, మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ ఫలితాలు, ప్రస్తుత మోతాదు, మిగతా మందుల పేర్లు ఒక కాగితం మీద ఇంగ్లిషులో రాసి దగ్గర పెట్టుకోవడం వల్ల పని త్వరగా అయింది. మందుల పేర్లు బ్రాండులో కాకుండా అసలు రసాయనిక నామంతో రాసుకోవాలి, మన బ్రాండు పేర్లు ఇక్కడి డాక్టర్లకు తెలియవు.

రెండో చిక్కు ఫార్మసీ కౌంటరు. మేము వెళ్లిన చోట, పేరు ఎందుకు లెండి, ఆ పెట్టె అరలో లేదు. అక్కడున్న అమ్మాయి ముందు కాల్‌ఆర్‌ఎక్స్ అంటే డిస్కౌంట్ కార్డు అనుకుంది. కంప్యూటర్‌లో గ్లార్జిన్ అని కొట్టగానే మరో కంపెనీ పెన్నులు, మరో ధర వచ్చాయి. ఆ ధర మాకు కావలసిన ధరకు చాలా పైన ఉంది. లోపలినుంచి ఫార్మసిస్టు వచ్చి, సివికా పేరుతో వెతికి, హోల్‌సేలరు దగ్గర దొరుకుతుందని చూసి, ఆర్డరు పెట్టాడు. పెట్టె ఆ మర్నాడు వచ్చింది, ధర కూడా చెప్పినట్టే 55 డాలర్లు వేశారు. అందులో ఎవరి తప్పూ లేదు. కొత్త ముద్ర అరల్లోకి, అంతకంటే ముఖ్యంగా కౌంటరు వెనక ఉన్నవారి నోళ్లలోకి, ఎక్కడానికి సమయం పడుతుంది. అయినా మందు అయిపోయే రోజున వెళ్లేవారికి ఆ ఒక్కరోజు ఆలస్యం ప్రమాదమే. నాలుగైదు రోజుల ముందే ఫోన్ చేసి, "సివికా వారి గ్లార్జిన్ పెన్నులు తెప్పించగలరా, నగదు ధర ఎంత?" అని అడగడం మంచిది. 55 డాలర్లన్నది చట్టం విధించిన గరిష్ఠ ధర కాదు, సిఫారసు ధర మాత్రమే అని కూడా గుర్తుంచుకోవాలి. కాబట్టి ధర ముందే నోటితో చెప్పించుకోవాలి.

సొంతంగా ఇన్సూరెన్స్ ఉన్నవారికి వ్యవహారం ఇంకో రకంగా ఉంటుంది. కాలిఫోర్నియా 2025 అక్టోబరులో ఎస్‌బీ 40 అనే చట్టం చేసి, ఇన్సులిన్‌కు 30 రోజుల కోపే 35 డాలర్లకు మించకూడదని నిర్ణయించింది. పెద్ద సంస్థల గ్రూపు ప్లాన్‌లకు అది 2026 జనవరి నుంచి వర్తిస్తుంది, వ్యక్తిగత ప్లాన్‌లకూ చిన్న సంస్థల ప్లాన్‌లకూ 2027 నుంచి. చదవగానే మనవాళ్లందరికీ సమస్య తీరిపోయినట్టే అనిపిస్తుంది. అసలు మెలిక ఇక్కడే ఉంది. పెద్ద టెక్ కంపెనీలు చాలామట్టుకు ఉద్యోగుల వైద్య ఖర్చును తామే భరిస్తూ, ఇన్సూరెన్స్ కంపెనీని కేవలం కాగితాల పనికి పెట్టుకుంటాయి. అటువంటి స్వయంపోషిత ప్లాన్‌లు ఫెడరల్ చట్టం పరిధిలో ఉంటాయి, రాష్ట్ర చట్టాలు వాటిని ముట్టుకోలేవు. కార్డు మీద ఏ ఇన్సూరెన్స్ కంపెనీ పేరు ఉన్నా, డబ్బు కట్టేది మీ యజమాని అయితే 35 డాలర్ల హద్దు మీకు చట్టరీత్యా దక్కకపోవచ్చు. ఆ ప్లాన్‌లలో కూడా డిడక్టిబుల్ పెద్దదిగా ఉన్న రకాన్ని, వైద్య ఖర్చులకు పన్ను లేకుండా డబ్బు దాచుకునే హెచ్‌ఎస్‌ఏ ఖాతా కోసం ఎంచుకునే తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు.

అందుకే ఒక రాష్ట్రం కోపేకు హద్దు పెట్టడం కంటే, మందు ధరనే తగ్గించి బజార్లో పెట్టడం ఎక్కువమందికి అందే పని అని నాకు అనిపిస్తుంది. కోపే హద్దు చట్టం ఎవరికి వర్తిస్తుందో తేల్చడానికి వకీలు కావాలి. 55 డాలర్ల పెట్టె ఎవరు అడిగితే వారిది. పైగా కోపేను కుదించినప్పుడు మందు అసలు ధర తగ్గదు, మిగతా భారం ప్రీమియం రూపంలో అందరి మీదా పడుతుంది. గవర్నర్ గావిన్ న్యూసమ్ 2023లో ఇటువంటి కోపే బిల్లునే, ధర మూలాన్ని కాల్‌ఆర్‌ఎక్స్ సరిచేస్తుందన్న వాదనతో తోసిపుచ్చారు. రెండేళ్ల తర్వాత ఆయనే అటువంటి బిల్లు మీద సంతకం పెట్టవలసి వచ్చింది. వాదనలో తప్పు లేదు, మందు రావడంలోనే ఆలస్యమైంది.

ఆ ఆలస్యం గురించి కొంచెం చెప్పాలి. రాష్ట్రమే జెనరిక్ మందుల రంగంలోకి దిగడానికి వీలు కల్పించే ఎస్‌బీ 852 చట్టం మీద 2020 సెప్టెంబరులో సంతకం అయింది. 2022లో ఇన్సులిన్ కోసం 10 కోట్ల డాలర్లు కేటాయించారు. అందులో సగం మందు అభివృద్ధికి, సగం రాష్ట్రంలోనే ఒక ఫ్యాక్టరీకి. 2023 మార్చిలో సివికాతో పదేళ్ల ఒప్పందం ప్రకటించారు. గ్లార్జిన్, లిస్‌ప్రో, అస్పార్ట్ అనే మూడు రకాలు, సీసా అయితే 30 డాలర్లు, ఐదు పెన్నుల పెట్టె అయితే 55 డాలర్లు అన్నారు. 2024లోనే వస్తుందన్న ఊహ అప్పట్లో బలంగా ఉండేది. తీరా 2026 జనవరిలో వచ్చినవి గ్లార్జిన్ పెన్నులు మాత్రమే, అవీ సివికా తానుగా తయారుచేసినవి కావు, బయోకాన్ దగ్గర అప్పటికే అనుమతి పొంది సిద్ధంగా ఉన్నవి. ఇన్సులిన్ మాత్ర వంటిది కాదు, జీవకణాల్లో పెంచి శుద్ధి చేయవలసిన ప్రోటీను. దాని నకలును నిరూపించి అనుమతి తెచ్చుకోవడానికి ఏళ్లు పడుతుందని ఈ రంగంలో ఉన్నవారెవరైనా చెబుతారు. సిద్ధంగా ఉన్న మందును తెచ్చి తన ముద్ర వేయడం తెలివైన పనే, నేను దాన్ని తప్పుపట్టను. కాలిఫోర్నియా ఇన్సులిన్ తయారుచేస్తోంది అనే మాటను మాత్రం ఆ మేరకు తగ్గించి చదువుకోవాలి. ఫ్యాక్టరీ మాట తర్వాత పెద్దగా వినిపించలేదు.

ఈ ఆరేళ్లలో బజారు కూడా మారిపోయింది. లాంటస్ సీసా జాబితా ధర, అంటే కంపెనీ ప్రకటించే ధర, 292 డాలర్ల దాకా ఎక్కి, 2024 జనవరిలో 78 శాతం కోతతో 64 డాలర్ల దగ్గరికి దిగింది. లిల్లీ, నోవో నార్డిస్క్ కంపెనీలు కూడా తమ పాత ఇన్సులిన్ల ధరలను అదే కాలంలో భారీగా తగ్గించాయి. దాని వెనక జాలి కంటే లెక్కే ఎక్కువ. ఏళ్ల తరబడి ధర పెంచిన మందులకు పేదలకు వైద్యం అందించే ప్రభుత్వ పథకమైన మెడికెయిడ్‌కు ఇవ్వవలసిన రిబేటు (ధరలో కొంత వెనక్కి ఇచ్చే మొత్తం) మీద అంతవరకు ఉన్న హద్దు, 2021 నాటి ఫెడరల్ చట్టం వల్ల, 2024 జనవరితో తొలగిపోయింది. పాత ధరలోనే ఉంచితే ఒక్కొక్క సీసా మీద కంపెనీయే ప్రభుత్వానికి ఎదురు కట్టవలసిన పరిస్థితి వచ్చేది. కాబట్టి కాల్‌ఆర్‌ఎక్స్ పెట్టెను నాలుగు వందల డాలర్ల పాత పెట్టెతో పోల్చి మురిసిపోవడం సరికాదు. ఇప్పుడు దీనితో పోల్చదగిన చవక రకం గ్లార్జిన్ పెన్నుల పెట్టె ఫార్మసీకి సుమారు 89 డాలర్లకు పడుతోంది, దీనికేమో 45. సగానికి సగం తేడా. అది నిజమైన తేడాయే, పెద్ద తేడాయే.

ఆ తేడా ఇన్నాళ్లూ ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకు జవాబు మధ్యవర్తుల దగ్గర ఉంది. ఈ దేశంలో ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున మందుల జాబితాలు తయారుచేసి బేరాలాడే పీబీఎం సంస్థల్లో మూడు, అంటే సీవీఎస్ కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్, ఆప్టమ్ ఆర్‌ఎక్స్, దాదాపు 80 శాతం చీటీలను నడిపిస్తాయి. తయారీదారు జాబితా ధర ఎంత ఎక్కువ పెట్టి ఎంత పెద్ద రిబేటు ఇస్తే, ఆ మందుకు జాబితాలో అంత మంచి చోటు దొరికే విధానం ఏళ్ల తరబడి నడిచింది. రిబేటు లోపలివారికి అందేది, జాబితా ధర మాత్రం కౌంటరు ముందు నిలబడిన ఇన్సూరెన్స్ లేని మనిషి నెత్తిన పడేది. ఇన్సులిన్ విషయంలోనే ఈ మూడు సంస్థల మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 సెప్టెంబరులో చర్య మొదలుపెట్టింది. కాలిఫోర్నియా కూడా 2025 అక్టోబరులో ఎస్‌బీ 41 చట్టంతో పీబీఎంల మీద కట్టుబాట్లు పెట్టింది. మన జీడిమెట్లలోనూ పాశమైలారంలోనూ తయారై వచ్చే మాత్రలు ఇక్కడి కౌంటరు చేరేసరికి ధర ఎందుకు గుర్తుపట్టలేనట్టు మారుతుందో అడిగే మన ఇంజనీరు కుర్రవాళ్లకు ఇదే సమాధానం. రిబేటు లేని మందును, ఫార్మసీకి ఇంత, రోగికి ఇంత అని రెండు అంకెలూ బయటపెట్టి అమ్మడం కాల్‌ఆర్‌ఎక్స్ చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చినది. రిబేటు లేదు కనుకే కొన్ని ప్లాన్‌లు దీన్ని తమ జాబితాలో చేర్చడానికి ఉత్సాహపడకపోవచ్చు. అప్పుడు సొంత డబ్బు పెట్టి కొనాలి, ఆ ఖర్చు డిడక్టిబుల్‌లో జమ అవుతుందో లేదో ప్లాన్‌ను అడిగి తెలుసుకోవాలి.

మన దగ్గర ఇదే ఉద్దేశంతో తమిళనాడు వేరే మార్గం పట్టింది. 1994లో ఏర్పడిన తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ మందులను టోకుగా కొని, ప్రయోగశాలల్లో పరీక్ష చేయించి, ప్రభుత్వ ఆసుపత్రుల ద్వారా ఉచితంగా ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలకూ అటువంటి సంస్థలు ఉన్నాయి. అక్కడ ప్రభుత్వమే కొనుగోలుదారు. కాలిఫోర్నియాలో ప్రభుత్వం పెట్టుబడి పెట్టి, పేరు అరువిచ్చి, అమ్మకాన్ని ప్రైవేటు ఫార్మసీకి వదిలేసింది. డాక్టరు ఫీజు, సూదుల ఖర్చు, షుగర్ చూసే పట్టీల ఖర్చు ఈ 55 డాలర్లలో లేకపోవడం అందుకే.

అమెరికాలోని ఇతర రాష్ట్రాల దారులు ఇంకా నెమ్మది. మేరీలాండ్ 2019లో మందుల ధరల సమీక్షకు ప్రత్యేక బోర్డు పెట్టింది. కొలరాడో బోర్డు 2025 అక్టోబరులో ఎన్‌బ్రెల్ అనే కీళ్లవాతపు మందుకు చెల్లింపు గరిష్ఠ పరిమితి విధించింది, అది 2027 జనవరి నుంచి అమలులోకి రావాలి. విచారణలు, వ్యాజ్యాలు దాటుకుని ఒక్క మందుకు హద్దు పెట్టడానికి అంతకాలం పట్టింది. వాటితో పోలిస్తే ఫ్రిజ్‌లో పెట్టుకోగల వస్తువును చేతికిచ్చిన కాల్‌ఆర్‌ఎక్స్ నయమే.

ఇదే ముద్రతో మరో వస్తువు కూడా ఉంది. నల్లమందు తరహా మత్తుమందులు మోతాదు మించి ప్రాణం మీదికి వచ్చినప్పుడు ముక్కులో కొట్టే నాలోక్సోన్ స్ప్రే అది. చీటీ అక్కరలేదు. రెండు స్ప్రేలు 24 డాలర్లు, 2025 ఏప్రిల్ నుంచి ఎవరైనా రాష్ట్ర వెబ్‌సైటులో తెప్పించుకోవచ్చు. కాలేజీ హాస్టల్లో పిల్లలున్న తల్లిదండ్రులు మొహమాటపడకుండా ఒకటి కొనిపెట్టడం మంచిదని నా సలహా.

తిరిగి ఇన్సులిన్‌కు వస్తే, అతి పెద్ద లోటు ఏమిటంటే భోజనానికి ముందు తీసుకునే త్వరిత ఇన్సులిన్ ఈ ముద్రతో మొదటి విడతలో రాలేదు. టైప్ 1 మధుమేహం ఉన్నవారికి గ్లార్జిన్ ఒక్కటే సరిపోదు. వారి నెల ఖర్చులో ఒక భాగం మాత్రమే దీనివల్ల తగ్గుతుంది, రెండో భాగానికి మళ్లీ కంపెనీ కార్డుల చుట్టూ తిరగవలసిందే. ఆ త్వరిత రకాల్లో ఒకటైన అస్పార్ట్ కోసం సివికా, బయోకాన్‌ల మధ్య 2025లోనే ఒప్పందం కుదిరింది. పెన్ను కాకుండా సీసా, సిరంజి వాడేవారికి వాగ్దానం చేసిన 30 డాలర్ల సీసా కూడా ఈ పెన్నులతో పాటు రాలేదు. మా మామగారి వంటివారికి, అంటే టైప్ 2 మధుమేహం ఉండి, మాత్రలతో పాటు రాత్రికి ఒక పోటు గ్లార్జిన్ తీసుకునేవారికి, ఇప్పుడున్న పెట్టె చక్కగా సరిపోతుంది. కొనదలచినవారు డాక్టరుచేత చీటీలో బ్రాండు పేరుకు బదులు ఇన్సులిన్ గ్లార్జిన్-వైఎఫ్‌జీఎన్ పెన్ను అనీ, రోజు మోతాదుతో పాటు సూదులు కూడా విడిగా అనీ రాయించుకుంటే, కౌంటరు దగ్గర సగం మాటలు తగ్గుతాయి.